పల్లి నూనె మడ్డి తీయడానికి సెంట్రిఫ్యూజ్ కొన్నా: తొమ్మిది నెలలు వాడాక చెప్తున్నా

ముందు మార్కులు చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో వెళ్లిపోవచ్చు. మిషన్‌కు ఐదులో నాలుగు, అమ్మినోళ్ల సర్వీసుకు రెండు. కంపెనీ పేరు మాత్రం రాయను. వాళ్ల దగ్గర నాకింకా ఒక సీల్ రావాల్సి ఉంది, గొడవెందుకు.

మాది వనపర్తి దగ్గర. రెండు చెక్క గానుగలు, ఎక్కువగా పల్లి నూనె, పండగలప్పుడు నువ్వుల నూనె, ఎవరైనా గింజలు తెచ్చిస్తే కుసుమ. యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో రోజుకు 70 లీటర్ల దాకా తీస్తాం. గానుగ నూనె సీసాలో చూసి కొనేవాళ్లకు తెలియదు కానీ, గానుగ నుంచి దిగేటప్పుడు అది నూనెలా ఉండదు, పలచగా కలిపిన పల్లి చట్నీలా ఉంటుంది. పిండి రేణువులు, పొట్టు ముక్కలు, మేం చల్లే కాసిన్ని నీళ్ల తేమ, జిగురు, అన్నీ అందులోనే. అదంతా అడుక్కి దిగితే మడ్డి, పైన మిగిలితే నూనె. ఈ దిగడం కోసమే మా బతుకంతా ఎదురుచూపు.

ఇదివరకు డ్రమ్ముల్లో పోసి ఐదారు రోజులు కదపకుండా ఉంచేవాళ్లం. అంటే ఎప్పుడు చూసినా మూడు నాలుగు వందల లీటర్ల సరుకు మూలన కూర్చుని ఉంటుంది, పల్లీలు తెచ్చిన డబ్బేమో అప్పుడే ఇచ్చేసి ఉంటాం. కొందరు త్వరగా తేటపడుతుందని వెడల్పు గిన్నెల్లో పోసి ఎండలో పెడతారు, అది నిజంగానే త్వరగా తేటపడుతుంది కానీ ఎండ, గాలి తగిలిన నూనెకు ముక్కిన వాసన కూడా అంతే త్వరగా వస్తుంది, కాబట్టి నేనా పని చేయను. తర్వాత ఒక చిన్న ఫిల్టర్ ప్రెస్ తెచ్చాను. బాగానే వడకడుతుంది, అబద్ధం చెప్పను, ఈరోజుకూ దాని నూనెకున్న మెరుపు వేరు. కానీ మా మడ్డి మెత్తటి ముద్ద, అరగంటకే గుడ్డ మీద గోడకు సున్నం వేసినట్టు పట్టేస్తుంది, ఇక చుక్క దిగదు. ఆ గుడ్డలు విప్పి, సోడా నీళ్లలో మరగబెట్టి, ఉతికి, ఆరేసి... ఒకరోజు మా ఆవిడ ఆ గుడ్డలన్నీ తెచ్చి నా ముందు వేసి, రేపటి నుంచి నువ్వే ఉతుక్కో అంది. సెంట్రిఫ్యూజ్ కొనాలన్న ఆలోచన నిజానికి ఆ రోజే పుట్టింది.

ఇదెలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తా. చిన్నప్పుడు జొన్న చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తిప్పే కొద్దీ రాయి చేతిని బయటికి గుంజుతుంది కదా, అదే. నూనెతో పాటు గిన్నెను గిర్రున తిప్పితే బరువున్న పిండి గోడకు వెళ్లి అతుక్కుంటుంది, తేలికైన నూనె లోపలి వైపు నిలబడి, పైఅంచు మీదుగా పొర్లి బయటి డొక్కులోకి, అక్కడి నుంచి గొట్టంలోకి వస్తుంది. డ్రమ్ములో మడ్డిని కిందికి లాగేది భూమి ఒక్కటే, అందుకే ఐదు రోజులు. నా మిషన్ గిన్నె వెడల్పు 30 సెంటీమీటర్లు, మోటారు నేరుగా 2880 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఈ లెక్కన గోడ దగ్గర లాగే బలం భూమి లాగేదానికి దాదాపు 1400 రెట్లు. వేగం రెట్టింపు చేస్తే బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఇంకొంచెం స్పీడు పెంచుకుందామనే ఆశ ఎవరికైనా పుడుతుంది. వద్దు. గిన్నె ఏ వేగానికి తయారు చేశారో అదే దాని హద్దు, దాటితే ఆ బలం గిన్నె మీద కూడా అదే లెక్కన పెరుగుతుంది.

కొనేముందు నాకు ఒక్క మంచి సలహా దొరికింది. మా బామ్మర్ది జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో సెంట్రిఫ్యూజ్ మీదే పనిచేస్తాడు. వాళ్లవి చిల్లుల గిన్నెలు, లోపల గుడ్డ సంచి ఉంటుంది, మందు పలుకులు సంచిలో మిగిలి ద్రవం బయటికి పోతుంది. నేనూ అదే చవకగా ఉందని తీసుకోబోతుంటే, "వద్దు బావా, మా సరుకు చక్కెర లెక్క పలుకు పలుకు ఉంటది, నీది ముద్ద. మళ్లా గుడ్డ మూసుకుంటది, అక్క మళ్లా ఉతకాలె" అన్నాడు. దాంతో చిల్లుల్లేని గిన్నె రకం తీసుకున్నా. గుడ్డ లేదు, ఉతుకుడు లేదు. మడ్డిని దానంతటదే బయటికి తోసే మరలాంటి స్క్రూ ఉన్న డికాంటర్ అని ఇంకో రకం ఉంది, పెద్ద ప్లాంట్లలో ఆపకుండా నడిచేది, దాని ధర వింటే రెండు గానుగలూ అమ్మినా చాలదు.

మనదాని ధర 1,35,000. 18 శాతం జీఎస్టీ కలిపితే 1,59,300. బాలానగర్ నుంచి ట్రాలీ ఆటో, కింద సిమెంటు దిమ్మె కలిపి ఇంకో తొమ్మిది వేలు. నూనె తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు, ఎస్‌ఎస్ 304 రకం. మోటారు రెండు హార్స్‌పవర్, దాని వేగాన్ని అదుపు చేసే వీఎఫ్‌డీ ఇచ్చారు కాబట్టి మెల్లగా వేగం అందుకుంటుంది, ఒక్కసారిగా కరెంటు గుంజదు.

మొదటి రోజు గురించి చెప్పాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు కింద రబ్బరు దిమ్మెలు పెట్టకుండా నాలుగు బోల్టులు నేరుగా సిమెంటులో దించి, ఐపోయింది సార్ అన్నాడు. ఖాళీగా తిప్పితే బాగానే ఉంది. నూనె వదిలి ఓ పావుగంట అయ్యాక, పక్కన స్టూలు మీద పెట్టిన నా చాయ్ గ్లాసు మెల్లగా జరగడం మొదలుపెట్టింది. మొదట నాకే భ్రమేమో అనుకున్నా. అంచు దాకా నడిచి వెళ్లి కింద పడి పగిలింది. "ఏందన్నా ఇట్ల ఊగుతుంది" అని మా గానుగ దగ్గరి పిల్లవాడు బయటికి పరిగెత్తాడు, నేను స్విచ్ మీద పడ్డాను. ఆపి, గిన్నె ఆగేదాకా ఉండి మూత తీసి చూస్తే మడ్డి ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా అంటుకుని ఉంది. లెక్క వేసుకోండి, 1400 రెట్ల దగ్గర ఒక పక్క వంద గ్రాములు ఎక్కువైతే 140 కిలోల బరువు ఆ పక్కకే గుంజినట్టు, అదీ సెకనుకు 48 సార్లు తిరుగుతూ. తప్పు మాది కూడా కొంత ఉంది, అడుగున పేరుకున్న మడ్డిని ఒకేసారి బకెట్‌తో కుమ్మరించాం. గిన్నె పూర్తి వేగం అందుకున్నాకే, సన్నటి ధారగా, కలిపిన నూనె వదలాలి. అప్పుడు గోడ చుట్టూ సమంగా పరుచుకుంటుంది. ఆ మాట ఆ కుర్రాడు చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు. రబ్బరు దిమ్మెలు నేనే మహబూబ్‌నగర్‌లో కొని వేయించా. ఆ తర్వాత గ్లాసు కదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కాగితం మీద గంటకు 200 లీటర్లు అని ఉంది. 200 వదిలితే నూనె మబ్బుగా వచ్చింది, మూడో రోజుకు సీసా అడుగున వేలు మందం మడ్డి. ఫోన్ చేస్తే, మా దగ్గర టెస్ట్ చేసినప్పుడు బాగానే వచ్చింది సార్ అంటారు. వాళ్లు టెస్ట్ చేసి చూపించింది ఒకసారి డ్రమ్ములో తేరిన నూనెతో అని నాకు అప్పుడు వెలిగింది. తేరిన నూనెను తేటగా తీయడానికి మిషన్ ఎందుకు, నేను ఊదినా వస్తుంది.

రెండు వారాలు తల పట్టుకున్నాక వచ్చిన ఆలోచన ఇది, ఈ రాత మొత్తంలో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే ఇదే. మా బజార్లో తెలిసినాయన రక్త పరీక్షల ల్యాబ్ నడుపుతాడు. అక్కడ రక్తం వేరు చేయడానికి ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ ఉంటుంది, చూసే ఉంటారు, అది 3500 ఆర్‌పీఎం, చేయి చిన్నది కాబట్టి బలం లెక్కేస్తే నా మిషన్‌కు దగ్గర దగ్గరగా వస్తుంది. అప్పుడే గానుగ నుంచి దిగిన నూనెను ఆరు కొత్త ట్యూబుల్లో పట్టుకెళ్లి, ఆయన్ను బతిమాలి, ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, రెండేసి చొప్పున తిప్పించాను. నిమిషం తిప్పినవి మబ్బుగా ఉన్నాయి. మూడు నిమిషాలవి ఫర్వాలేదు. ఐదు నిమిషాలవి వెనక పేపర్ పెడితే అక్షరం చదవొచ్చు, కింద మడ్డి గట్టిగా కుదురుకుని ట్యూబ్ వంచినా కదల్లేదు. ఇక ఇంటికొచ్చి లెక్క చూస్తే, నా గిన్నెలో తిరిగేటప్పుడు ఉండే నూనె ఆరున్నర లీటర్లు. గంటకు 200 చొప్పున వదిలితే ఒక్కో చుక్క లోపల ఉండేది రెండు నిమిషాల లోపే. 80 చొప్పున వదిలితే దాదాపు ఐదు నిమిషాలు. ట్యూబూ గిన్నే అచ్చంగా ఒకటి కావు, మడ్డి దిగాల్సిన దూరం వేరు, అయినా దారి చూపించడానికి అది చాలు. ఆ సాయంత్రం గిన్నెలోకి నూనె వదిలే పంపు సగానికి పైగా బిగించి 80 మీద నడిపాను. తేటగా వచ్చింది. అంటే 200 లీటర్ల మిషన్ అని కొన్నది నా పల్లి నూనెకు 80 లీటర్ల మిషన్. నాకు రోజుకు 70 కాబట్టి సరిపోయింది, మీకు రోజుకు 500 ఉంటే మునిగిపోతారు. ఈ ట్యూబుల పరీక్ష కొనకముందు చేసి ఉంటే ఆ రెండు వారాల టెన్షన్ ఉండేది కాదు, పైసా ఖర్చు కూడా లేదు, ఆయనకు ఒక లీటరు నూనె ఇచ్చాను అంతే.

నూనె వేడి సంగతి కూడా ఇందులోదే. డిసెంబరు, జనవరి పొద్దున్నే రాత్రి మిగిలిన నూనె పోస్తే 80 మీద కూడా మబ్బుగానే వస్తుంది. నూనె చల్లబడితే చిక్కబడుతుంది, చిక్కటిదాంట్లో రేణువు ఈదలేదు. పల్లి నూనె 20 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో 40 దగ్గర దాదాపు అందులో సగమే. హీటర్ పెట్టుకోమని అమ్మినాయన ఇంకో పన్నెండు వేలు చెప్పాడు. గానుగ నూనె అని బోర్డు పెట్టుకుని వేడి చేస్తే కొనేవాళ్లు ఊరుకుంటారా? అదీగాక అవసరం లేదు. గానుగ రాపిడికే నూనె గోరువెచ్చగా దిగుతుంది, చేయి పెడితే తెలుస్తుంది. దాన్ని చల్లారనివ్వకుండా అప్పటికప్పుడు మిషన్‌లో పోస్తే చాలు. ఇప్పుడు గానుగ ఒక వాయి దిగగానే అది తిరగడం మొదలవుతుంది. సెంట్రిఫ్యూజ్‌ను గోదాములో ఓ మూలన పెట్టుకోవద్దు, గానుగ పక్కనే పెట్టుకోండి.

ఇక కొనుక్కెళ్లినవాళ్ల ఫిర్యాదు. అంత తేటగా పోసి ఇచ్చిన సీసా అడుగున పది పదిహేను రోజులకు సన్నటి తెల్లటి పొర కనిపిస్తోందని ఇద్దరు ముగ్గురు తెచ్చి చూపించారు, ఒకామె అయితే పిండి కలిపారా అని మొహం మీదే అడిగేసింది. ఇది మిషన్ తప్పు కాదు. నూనెలో కరిగి ఉన్న జిగురు పదార్థం ఒకటుంటుంది, కరిగి ఉన్నంతసేపు దాన్ని ఎంత తిప్పినా రాదు, తర్వాత కాస్త తేమ తగిలినప్పుడు అది ఉబ్బి, విడివడి కిందికి దిగుతుంది. పెద్ద రిఫైనరీల్లో కావాలనే నీళ్లు కలిపి ఆ జిగురును బయటికి తెచ్చి అప్పుడు తిప్పుతారు. మనం గానుగలో చల్లే నీళ్ల వల్ల కొంత ముందే వచ్చేస్తుంది, గిన్నె కడిగేటప్పుడు మడ్డి మీద గంజి మీగడలా కనిపించే పొర అదే, మిగతాది సీసాలో దిగుతుంది. తింటే ఏమీ కాదు. సెంట్రిఫ్యూజ్ కొన్నాక అడుగున అసలేమీ ఉండదని అమ్మేవాడు చెప్తే నమ్మొద్దు.

మా దగ్గర ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఆముదం పంట ఒకప్పుడు ఎంతుండేదో పెద్దవాళ్లకు తెలుసు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి తెలిసినాయన 20 లీటర్ల ఆముదం తెచ్చి ఇందులో తీసిపెట్టమన్నాడు. మామూలు వేడిలో ఆముదం పల్లి నూనెకన్నా పదింతలకు పైగా చిక్కన, గంటకు పది లీటర్లు వదిలినా ఎలా పోశామో అలాగే వచ్చింది. మా నాయనమ్మ గింజలు దంచి నీళ్లలో ఉడికించి పైన తేలిన వంటాముదం తీసేది. మరిగే వేడికి చిక్కదనం చచ్చి, మడ్డి నీళ్లలోకి పోయి, నూనె పైకి వచ్చేది. లక్షన్నర మిషన్ చేయలేనిది ఆమె ఇత్తడి గుండిగ చేసింది. ఆముదం వాళ్లు దీని జోలికి రావద్దు.

నువ్వుల నూనెకు గంటకు 60 లీటర్ల మీద నడపాలి, రేణువు సన్నం. కుసుమకు 80 చాలు.

గీకుడు పని గురించి అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. మడ్డి పెరిగే కొద్దీ నూనెకు చోటు తగ్గుతుంది, చోటు తగ్గితే లోపల ఉండే సమయం తగ్గుతుంది, చివర్లో వచ్చే నూనె మళ్లీ మబ్బు. అందుకే నేను 35, 40 లీటర్లకు ఒకసారి ఆపుతాను. పంపు కట్టేసి మోటారు ఆపితే, తిరుగుడు తగ్గగానే గోడకు నిలబడిన నూనె కిందికి జారి పైపొర మడ్డిని కాస్త కలుపుకుంటుంది. ఆ నాలుగైదు లీటర్లను తేట నూనెలో కలపకూడదు, వెనక్కి పచ్చి నూనె డ్రమ్ములో పోయాలి. కరెంటు మధ్యలో పోయినా ఇదే పని. తర్వాత చెక్క గరిటెతో గీకడం, ఇనుప చాకు పెట్టారో గోడ మీద గీతలు పడి మడ్డి అక్కడే పట్టుకుంటుంది. పూటకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. గీకిన మడ్డిలో ఇంకా నూనె ఉంటుంది, ఫిల్టర్ ప్రెస్ మడ్డి అంత పొడిగా రాదు. మేం తర్వాతి వాయిలో పల్లీలతో కలిపి మళ్లీ గానుగలో వేస్తాం. అదే రోజు వేసేయాలి, తెల్లారితే పులిసిన వాసన.

మూత లాక్ సంగతి. గిన్నె పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోకుండా, మూత తీసి ఉంటే మోటారు తిరగకుండా చేసే ఇంటర్‌లాక్ ఒకటి ఉంటుంది. "అది వద్దంటే ఆరు వేలు తగ్గిస్తాం సార్, పనికి అడ్డం కూడా" అన్నారు నాతో. మా బామ్మర్దికి చెప్తే ఫోన్లోనే తిట్టాడు. గిన్నె తనంతట తాను ఆగడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. చివరి రెండు నిమిషాలు శబ్దం కూడా రాదు, నున్నటి గిన్నె కాబట్టి తిరుగుతుందో ఆగిందో కంటికి తెలియదు, చేయి పెట్టాలనిపించేది సరిగ్గా అప్పుడే. ఆరు వేలకు చేయి అమ్ముకునేవాళ్లుంటారా? ఉంటారు కాబట్టే ఆ మాట అడుగుతున్నారు. నేను లాక్ ఉన్నదే తీసుకున్నా. కండువా, చీర కొంగు, చున్నీ ఏదీ ఆ దరిదాపుల్లో ఉండకూడదని కూడా మా దగ్గర నియమం.

సర్వీసుకు రెండు మార్కులే ఎందుకిచ్చానో చెప్పి ఆపేస్తా. మూత కింద వేసిన రబ్బరు సీల్ రెండో నెలకే ఉబ్బి అప్పడంలా అయ్యింది. మామూలు రబ్బరుకు నూనె పడదు, నైట్రైల్ రబ్బరు వేయాలి, ఇది నూనె మిషన్ అని వాళ్లకు తెలిసే కదా అమ్మింది. ఫోటో పెట్టు సార్ అన్నారు, పెట్టాను. కొలత పంపు సార్ అన్నారు, వాళ్లు చేసిన మిషన్ కొలత నేను పంపాను. వారంలో వస్తుందన్న సీల్ ఆరు నెలలైనా రాలేదు. మహబూబ్‌నగర్‌లో బేరింగ్ షాపు ఆయన నైట్రైల్ తాడు కోసి అతికించి ఇచ్చాడు, 180 రూపాయలు, ఇప్పటిదాకా చుక్క కారలేదు. అదృష్టం కొద్దీ బేరింగ్ ఇంతవరకు శబ్దం చేయలేదు, చేస్తే వీళ్లను నమ్ముకుని ఉండలేనని జత కొని పెట్టుకున్నా.

లాభమా అంటే, మూలనున్న డ్రమ్ములు పోయాయి, ఈరోజు ఆడిన నూనె రేపు సీసాలో ఉంటోంది, పల్లీలు కొనడానికి సేటు దగ్గర చేయి చాచడం తగ్గింది. రోజుకు 20, 30 లీటర్లు తీసేవాళ్లయితే కొనకండి, నాలుగు డ్రమ్ములు, కాస్త ఓపిక చాలు.

వనపర్తి చుట్టుపక్కల ఎవరైనా కొనే ముందు చూడాలనుకుంటే పొద్దున గానుగ నడిచే టైముకు రండి. మీ నూనె ఐదు లీటర్లు తెచ్చుకోండి, తేర్చింది కాదు, గానుగ దిగింది దిగినట్టు. తిప్పి చూపిస్తా. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం రావద్దు, అప్పుడు గీకే పని ఉంటుంది, వచ్చినవాళ్ల చేతికి కూడా గరిటె ఇచ్చేస్తా.